సీనరీ వేశాక ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మెమరీ ఎర్రర్: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట, ఆడేవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిమే. అందుకే ఎవరికి ఏ ఎర్రర్ వచ్చినా ఫోన్ మిగతావాళ్ళకు పోతుంది. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే కథ: "అన్నా, శంషాబాద్ సీనరీ వేసిన. అంతా మంచిగనే ఉండె. దిగేటప్పుడు మెమరీ అయిపోయిందని చెప్పి మూసుకుపోయింది." సీనరీ అంటే ఒక ఎయిర్‌పోర్టో ఊరో సిమ్యులేటర్‌లో నిజంగా ఉన్నట్టు కనబడడానికి విడిగా వేసుకునే ప్యాకు. ఫోన్‌లో చెప్పి చెప్పి అలవాటైన జవాబులనే ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువ భాగం ఎఫ్ఎస్ఎక్స్ (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) గురించే ఉంటుంది, ఎందుకంటే మా దగ్గర పాత కంప్యూటర్లలో ఇప్పటికీ నడిచేది అదే. కొత్త సిమ్యులేటర్ల సంగతి చివరి వైపు ఉంది.

నా కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. సగం కూడా వాడలేదు. అయినా మెమరీ అయిపోయిందని ఎందుకంటుంది?

ముందు మీది ఏ సిమ్యులేటరో చూడండి. 2006లో వచ్చిన ఎఫ్ఎస్ఎక్స్, 2014లో వచ్చిన దాని స్టీమ్ ఎడిషన్, ప్రిపేర్‌డ్ 3డీ అనే ఇంకో సిమ్యులేటర్‌లో 4కు ముందు వెర్షన్లు, ఇవన్నీ 32-బిట్ ప్రోగ్రాములు. 32-బిట్ ప్రోగ్రాము మెమరీలో ఏ వస్తువు పెట్టినా దానికి ఒక అడ్రస్ రాసుకోవాలి. అలాంటి అడ్రస్‌లు మొత్తం 429 కోట్ల చిల్లరే ఉంటాయి, అంటే 4 జీబీ. ఊరి పక్కన ఎన్ని ఎకరాల ఖాళీ జాగా ఉన్నా, పంచాయతీ దగ్గర ఇంటి నంబర్లు అయిపోతే కొత్త ఇంటికి నంబర్ రాదు, ఉత్తరమూ రాదు. ర్యామ్ జాగా లాంటిది. మీకు అయిపోయింది ఇంటి నంబర్లు.

ఈ సంగతి తెలియక నేను కూడా డబ్బులు పోగొట్టుకున్నాను. మొదటిసారి ఈ ఎర్రర్ వచ్చినప్పుడు కంప్యూటర్ షాపుకు తీసుకుపోతే, ర్యామ్ చాలట్లేదు, ఇంకో 8 జీబీ వేద్దామన్నారు. వేయించాను. ఇంటికొచ్చి అదే ఫ్లైట్ నడిపితే అదే చోట, అదే ఎర్రర్. షాపతన్ని తప్పు పట్టలేను, స్క్రీన్ మీద మెసేజ్‌లో ఉన్నది మెమరీ అనే మాటే కదా.

మా ఇంట్లో పాత 32-బిట్ విండోస్ ఉంది. దానిలో ఎట్లా?

ఇంకా తక్కువ. మామూలుగా అయితే 2 జీబీ అడ్రస్‌లే ప్రోగ్రాము చేతికి వస్తాయి, మిగతా సగం విండోస్ తనకు ఉంచుకుంటుంది. అదే ఎఫ్ఎస్ఎక్స్‌ను సర్వీస్ ప్యాక్ 2 అనే అప్‌డేట్‌తోనో యాక్సిలరేషన్ అనే అదనపు ప్యాకుతోనో 64-బిట్ విండోస్‌లో నడిపితే 4 జీబీ పూర్తిగా వాడుకోగలదు. సీనరీలు తీసేయడం కంటే ముందు చేయాల్సిన పని ఇదే, విండోస్ మార్చడం. ర్యామ్ 4 జీబీయే ఉన్నా తేడా కనిపిస్తుంది.

అందరికీ శంషాబాద్ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. ఎఫ్ఎస్ఎక్స్ అంతకు దాదాపు ఏడాదిన్నర ముందే బయటికి వచ్చింది. అందుకే దాంట్లో హైదరాబాద్ అంటే బేగంపేటే. మన దగ్గర ఆడేవాళ్ళు ముందు చేసే పని శంషాబాద్ సీనరీ విడిగా తెచ్చి వేసుకోవడం. అక్కడితో ఆగితే బాగుండేది. నల్లమల కొండలు, శ్రీశైలం దగ్గర కృష్ణ లోయ సరిగా కనబడాలని మెష్, అంటే నేల ఎత్తుపల్లాల ప్యాకు, వేస్తాం. పొలాలు, చెరువులు నిజంగా ఉన్నట్టు ఉండాలని శాటిలైట్ ఫొటోల సీనరీ వేస్తాం. మబ్బులు బాగుండాలని ఇంకో ప్యాకు. వీటన్నిటి పైన, కాక్‌పిట్‌లో ప్రతి స్విచ్చీ పనిచేసే పెద్ద జెట్ విమానం. ఇవన్నీ ఆ 4 జీబీలోనే సర్దుకోవాలి.

ఇందులో ఎక్కువ జాగా తినేవి టెక్స్‌చర్లు, అంటే బిల్డింగుల గోడలకు, నేలకు అతికించే బొమ్మలు. ఒక లెక్క చూడండి. 1024 చుక్కలు పొడవు, 1024 వెడల్పు ఉన్న బొమ్మ డీఎక్స్‌టీ1 పద్ధతిలో కుదిస్తే అర ఎంబీ. అదే బొమ్మ 4096 సైజుకు పోతే చుక్కలు 16 రెట్లు, 8 ఎంబీ. డీఎక్స్‌టీ5 అయితే 16 ఎంబీ. కొందరు సీనరీ తయారుచేసేవాళ్ళు కుదించకుండా అట్లాగే పెట్టేస్తారు, అప్పుడు ఒక్కో బొమ్మ 64 ఎంబీ. దూరం నుంచి చూడడానికి పెట్టే చిన్న సైజు కాపీలు కలిపితే పైన ఇంకో మూడో వంతు. అలాంటివి ఇరవై ఉంటే మీ 4 జీబీలో దాదాపు 1.7 జీబీ టెర్మినల్ గోడలకే పోయింది. విమానం, వాతావరణం, కొండలు మిగిలినదాంట్లో సర్దుకోవాలి.

డబ్బులు పెట్టి కొన్నదైనా, ఫ్రీగా దొరికినదైనా ఈ విషయంలో తేడా ఏమీ లేదు. ఫ్రీ సీనరీలే కొన్నిసార్లు తేలిగ్గా ఉంటాయి.

బయలుదేరేటప్పుడు రాని ఎర్రర్ దిగేటప్పుడే ఎందుకు వస్తుంది?

రెండు కారణాలు. ఒకటి, ఎఫ్ఎస్ఎక్స్ దారి పొడుగునా ఎక్కించుకున్న సామాను మొత్తాన్ని మళ్ళీ దించదు. ముంబై నుంచి బయలుదేరి వస్తే అక్కడి ఎయిర్‌పోర్టుది కొంత, దారిలో కొంత అట్లాగే మిగిలిపోతుంది. కిందకు దిగుతూ శంషాబాద్ దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే బరువైన సీనరీ ఒక్కసారిగా లోపలికి రావాలి. అప్పటికే సంచి నిండి ఉంది.

రెండోది చాలామందికి తెలియదు. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయే ఆర్టీసీ బస్సు ఎక్కారనుకోండి. ఎనిమిది సీట్లు ఖాళీ ఉన్నాయి, కానీ అన్నీ ఒక్కోచోట ఒక్కోటి. ఆరుగురున్న కుటుంబం పక్కపక్కనే కూర్చుంటామని పట్టుబడితే? ఖాళీలు ఉన్నా వాళ్ళకు చోటు లేనట్టే. పెద్ద టెక్స్‌చర్ కూడా ఆ కుటుంబం లాంటిదే, దానికి వరుసగా, తెగకుండా ఖాళీ కావాలి. ఎక్కువ సేపు ఎగిరినకొద్దీ ఖాళీలు ముక్కలు ముక్కలవుతాయి. అందుకే లెక్కలో ఇంకా రెండు మూడు వందల ఎంబీ ఉన్నట్టు కనిపిస్తుండగానే ఎర్రర్ పడుతుంది.

ఎంత మిగిలిందో ముందే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. టాస్క్ మేనేజర్ మామూలుగా చూపించే అంకె దీనికి పనికిరాదు, అది ర్యామ్ లెక్క. మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఫ్రీగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ దించుకుని, కాలమ్స్‌లో వర్చువల్ సైజ్ అనేది టిక్ పెట్టండి. ఎఫ్ఎస్ఎక్స్ ఎదురుగా ఉన్న ఆ అంకె 4 జీబీకి ఎంత దగ్గరైతే ప్రమాదం అంత దగ్గర.

ఎఫ్ఎస్‌యూఐపీసీ అనే అదనపు టూల్ ఉన్నవాళ్ళకు ఇంకా తేలిక. దాని లాగింగ్ ట్యాబ్‌లో ఆఫ్‌సెట్ 024సీ, రకం ఎస్32 అని పెట్టి, కిటికీ పైనున్న టైటిల్ పట్టీలో చూపించమంటే, ఖాళీ ఎంతుందో కేబీల్లో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. నా పద్ధతి ఏంటంటే, దిగడం మొదలుపెట్టేముందు 600 ఎంబీ కంటే తక్కువ ఉంటే ఇక ఆ ఫ్లైట్ మీద ఆశ పెట్టుకోను. ఇది నా కంప్యూటర్‌తో వచ్చిన అనుభవం, మీ అంకె మీకు నాలుగు ఫ్లైట్లలో తెలిసిపోతుంది.

ఏ సెట్టింగ్ తగ్గిస్తే ఎక్కువ ఫలితం?

ముందు ఎఫ్ఎస్ఎక్స్ సెట్టింగ్స్ రాసి ఉండే కాన్ఫిగ్ ఫైల్ తెరవండి. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని అందులో అంకెలు మార్చి మర్చిపోయినవాళ్ళే ఎక్కువ. ఎల్ఓడీ రేడియస్ అని ఒక వరుస ఉంటుంది, మీ చుట్టూ ఎంత దూరం వరకు నేలను స్పష్టంగా గీయాలో చెప్పేది. మెనూలో పెట్టగలిగిన గరిష్ఠం 4.5. దాన్ని చేత్తో 6.5 చేస్తే దూరం ఒకటిన్నర రెట్ల కంటే తక్కువే పెరిగినట్టు అనిపిస్తుంది. కానీ గీయాల్సిన నేల చదరపు లెక్కలో పెరుగుతుంది, రెండింతలు దాటుతుంది. దాన్ని 4.5కు తెస్తే చాలామంది సమస్య అక్కడికే తీరిపోయింది.

తర్వాతది టెక్స్‌చర్ మ్యాక్స్ లోడ్, ఎంత పెద్ద బొమ్మ వరకు లోపలికి తీసుకోవాలో చెప్పేది. ఇది మొదట 1024 ఉంటుంది. కొన్ని సీనరీల వెంట వచ్చే సూచనల్లో దీన్ని 4096 చేయమని రాసి ఉంటుంది. అట్లా చేస్తే ఆ ఒక్క సీనరీకే కాదు, పెద్ద బొమ్మలు ఉన్న ప్రతిదానికీ వర్తిస్తుంది. 2048 దగ్గర ఆగితే నా కళ్ళకు పెద్ద తేడా కనబడలేదు, రన్‌వే మీది గీతలు కొంచెం మొద్దుగా కనిపించాయంతే.

ఆటోజెన్, అంటే చెట్లూ ఇళ్ళూ తనంతట తనే పెట్టేది, ఒక మెట్టు దించండి. మబ్బుల టెక్స్‌చర్లు 4096వి ఉంటే 1024వి వేయండి, వానాకాలం సాయంత్రం ఆకాశం నిండా మబ్బులు ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఎయిర్‌పోర్టులో నిలబడే, తిరిగే మిగతా విమానాలు కూడా ఒక్కోటి దాని రంగుల బొమ్మతో సహా లోపలికి వస్తాయి, 100 శాతం పెట్టుకుని శంషాబాద్ దిగాలనుకోవద్దు. రోడ్డు మీద కార్లు పూర్తిగా ఆపేసినా ఎవరూ గమనించరు.

డైరెక్ట్ఎక్స్ 10 ప్రివ్యూ పెడితే మెమరీ మిగులుతుందట, నిజమేనా?

నిజమే. డైరెక్ట్ఎక్స్ అంటే స్క్రీన్ మీద బొమ్మలు గీయడానికి విండోస్‌లో ఉన్న ఏర్పాటు. దాని 9వ వెర్షన్‌లో గ్రాఫిక్స్ కార్డులోకి పోయిన బొమ్మల కాపీ ప్రోగ్రాము అడ్రస్‌ల్లో కూడా ఉండిపోతుంది, 10లో ఆ బరువు తగ్గుతుంది. కాకపోతే పాత సీనరీలు కొన్ని ఆ మోడ్‌లో తెల్లగా, మెరుస్తూ, గోడలు లేకుండా కనిపిస్తాయి. పెట్టి చూడండి, మీ సీనరీ సరిగ్గా కనబడితే అదృష్టం.

నా దగ్గర నలభై సీనరీలు ఉన్నాయి. ఏది తింటుందో ఎట్లా కనుక్కోవాలి?

నలభై ఒక్కొక్కటిగా తీసి చూస్తే ఆదివారం గడిచిపోతుంది. సగం సగం చేయండి. సీనరీ లైబ్రరీలో ఇరవైకి టిక్ తీసేసి అదే ఫ్లైట్ నడపండి. ఎర్రర్ పోతే దొంగ ఆ ఇరవైలో ఉన్నట్టు. వాటిలో పది పెట్టి మళ్ళీ చూడండి. ఆరు సార్లలోపే దొరుకుతుంది. ప్రతిసారీ విమానం, వాతావరణం, టైమ్ మారకుండా చూసుకోండి, మధ్యలో ఏదైనా మార్చితే లెక్క చెడుతుంది. సీనరీ కాన్ఫిగ్ ఎడిటర్ అని ఫ్రీ టూల్ ఉంది, దాంతో బయటి నుంచే టిక్‌లు పెట్టవచ్చు.

నిజం చెప్పాలంటే చాలాసార్లు దొంగ ఒక్కటే ఉండదు. నాగార్జునసాగర్ మీద ఎగరడానికి యూరప్ ఎయిర్‌పోర్టులు పన్నెండు ఆన్‌లో పెట్టుకుంటాం. దూరంగా ఉన్నవాటి వల్ల ఏం బరువు అనుకుంటాం, కానీ వాటిలో కొన్ని ఎక్కడ ఎగిరినా ఎంతో కొంత లోపలికి వస్తాయి. ఈ రోజు పోని చోటుకు టిక్ తీసేయడం అలవాటు చేసుకోండి. ఇంకోటి, శంషాబాద్ సీనరీలు రెండు వేసుకున్నవాళ్ళను చూశాను. పాతది తీయకుండా కొత్తది వేశారు. టెర్మినల్ మీద టెర్మినల్, రెండింటి బొమ్మలూ మెమరీలో.

పేజ్ ఫైల్ పెంచితే తగ్గుతుందా?

32-బిట్ సిమ్యులేటర్‌కు తగ్గదు. వర్చువల్ మెమరీ అనే పేరు వల్ల ఈ గందరగోళం. పేజ్ ఫైల్ అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద తీసుకునే అదనపు జాగా. మన ఇంటి నంబర్ల భాషలో ఊరి బయట ఇంకో ఎకరం. నంబర్లు పెరగవు. కొత్త సిమ్యులేటర్లలో మాత్రం పేజ్ ఫైల్ చాలా ముఖ్యం, కింద చెప్తాను.

ఎన్ని చేసినా దిగేముందు అంకె పడిపోతోంది. ఈ ఒక్క ఫ్లైట్ పూర్తి చేయాలి, ఏం చేయను?

కిందకు దిగడం మొదలుపెట్టేముందు ఫ్లైట్ సేవ్ చేయండి. సిమ్యులేటర్ పూర్తిగా మూసేసి మళ్ళీ తెరిచి ఆ ఫ్లైట్ లోడ్ చేయండి. దారిలో పోగైన చెత్తంతా పోయి ఖాళీ సంచితో దిగుతారు. కొన్ని పెద్ద విమానాలకు సేవ్ చేసినప్పుడు కాక్‌పిట్‌లో పెట్టుకున్న రూట్ అంతా సరిగ్గా తిరిగి రాదు, ముందొకసారి నేల మీద పరీక్షించి చూసుకోండి. ఒక ఫ్లైట్ అయ్యాక వెంటనే ఇంకోటి మొదలుపెట్టేముందు కూడా మూసి తెరవడమే మంచిది.

ప్రిపేర్‌డ్ 3డీ 4కో, ఎక్స్-ప్లేన్‌కో, కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కో మారితే ఈ బాధ ఉండదా?

4 జీబీ బాధ ఉండదు. ప్రిపేర్‌డ్ 3డీ 2017లో వచ్చిన 4వ వెర్షన్‌తో 64-బిట్ అయ్యింది. ఎక్స్-ప్లేన్ 10వ వెర్షన్‌లోనే అయ్యింది. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ మొదటి నుంచీ అంతే. ఇక్కడ అడ్రస్‌లు అయిపోవు, నిజంగానే జాగా అయిపోతుంది. అంటే ఆ షాపతను చెప్పిన మాట ఇక్కడ కరెక్ట్. మైక్రోసాఫ్ట్ 2020 సిమ్యులేటర్‌కు కనీసం 8, సిఫార్సు 16 జీబీ ర్యామ్ అన్నారు. 2024 వెర్షన్‌కు కనీసమే 16, సిఫార్సు 32. పైన మీరు వేసే సీనరీలు ఆ లెక్కలో లేవు.

విండోస్ మొత్తం మీద ఇవ్వగలిగిన మెమరీ అంటే ర్యామ్, పేజ్ ఫైల్ కలిపి. స్పీడ్ పెరుగుతుందని వీడియోల్లో చెప్పారని పేజ్ ఫైల్ ఆపేసినవాళ్ళు ఉన్నారు. 16 జీబీ ర్యామ్ మీద అట్లా చేసి బరువైన ఎయిర్‌పోర్టుకు పోతే సిమ్యులేటర్ ఏ మెసేజ్ లేకుండా మూసుకుపోయి డెస్క్‌టాప్ మీద పడతారు. దాన్ని మళ్ళీ విండోస్‌కే వదిలేయండి, ఎస్ఎస్‌డీ మీద పెట్టండి, ఆ డ్రైవ్‌లో ఖాళీ ఉంచండి.

అనుమానం ఉంటే విండోస్‌లోనే ఉన్న ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ చూడండి. రిసోర్స్ ఎగ్జాషన్ డిటెక్టర్ పేరుతో 2004 నంబర్ ఈవెంట్ కనబడితే మెమరీ నిజంగానే అయిపోయింది, ఎవరు ఎక్కువ వాడుకున్నారో పేర్లతో సహా రాసి ఉంటుంది. ఒకసారి నాకు ఆ జాబితాలో సిమ్యులేటర్ పక్కనే నలభై ట్యాబ్‌లతో బ్రౌజర్ కనబడింది.

బొమ్మ ఆగి ఆగి వస్తోంది, కానీ మూసుకుపోవట్లేదు. ఇదీ మెమరీయేనా?

చాలావరకు గ్రాఫిక్స్ కార్డులోని మెమరీ. అది నిండితే బొమ్మలు మామూలు ర్యామ్‌లోకి పోతూ వస్తూ ఉంటాయి, ఆ రాకపోకలే ఆగడంగా కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ చూపించమంటే ఎంత నిండిందో అక్కడే రాసి ఉంటుంది. టెక్స్‌చర్ రిజల్యూషన్ ఒక మెట్టు దించి చూడండి.

సీనరీ అనుమానమైతే, విడిగా వేసుకున్నవి ఉండే కమ్యూనిటీ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ పక్క ఫోల్డర్‌లోకి జరిపి, కొన్ని కొన్ని తిరిగి పెట్టండి. పైన చెప్పిన సగం సగం లెక్కే. ఒకసారి మూసుకుపోయాక మళ్ళీ తెరిస్తే సేఫ్ మోడ్ అడుగుతుంది, అందులో మీ సీనరీలు లేకుండా నడుస్తుంది. అక్కడ బాగుంటే తప్పు సిమ్యులేటర్‌ది కాదని తేలినట్టే.

ఎక్స్-ప్లేన్‌కు మన జిల్లా ఫొటో సీనరీ నేనే తయారుచేసుకుంటున్నా. ఏ జూమ్ పెట్టాలి?

ఫొటో సీనరీ తయారుచేసే ఆర్థో4ఎక్స్‌పీ టూల్‌తో చేస్తున్నారనుకుంటా. అది ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు పలకలుగా చేస్తుంది. నల్లగొండ టౌన్ 17-79 (అక్షాంశం, రేఖాంశం) పలకలో ఉంటుంది, సాగర్ డ్యామ్ దాని కింద 16-79లో, శంషాబాద్ 17-78లో, శ్రీశైలం 16-78లో. మహబూబ్‌నగర్ టౌన్ దాదాపు 78 డిగ్రీల గీత మీదే ఉంది, కాబట్టి పాలమూరు వాళ్ళకు పక్కపక్క పలకలు రెండూ కావాల్సిందే.

జూమ్, అంటే ఫొటో ఎంత వివరంగా ఉండాలో చెప్పేది, ఒక అంకె పెంచితే బొమ్మల చుక్కలు నాలుగింతలు. 16 నుంచి 18కి పోతే 16 రెట్లు. జిల్లా మొత్తం 18లో చేసి నా డిస్క్ నిండింది, తర్వాత కార్డూ నిండింది. పొలాలకు, గుట్టలకు 16 చాలు. రన్‌వే చుట్టుపక్కల మాత్రం గీత గీసి 17 లేదా 18 పెట్టుకోండి, ఆ సౌకర్యం అందులోనే ఉంది. అవసరం లేని పలకలను సీనరీ ప్యాక్స్ ఫైల్‌లో డిసేబుల్ అని మార్చితే చాలు, తీసేయక్కర్లేదు.

ఎఫ్ఎస్ఎక్స్ మెమరీ మెసేజ్ ఏమీ లేకుండా మూసుకుపోతే?

అది వేరే జబ్బు. ఈవెంట్ వ్యూయర్‌లో జీ3డీ.డీఎల్ఎల్ అనే ఫైల్ పేరు కనబడితే తరచుగా సీనరీలో ఏదో పాడైన ఫైల్ ఉన్నట్టు. మెనూలు తెరిచినప్పుడే పోతుంటే విండోస్ 7 మీద ఎఫ్ఎస్ఎక్స్‌కు ఉన్న యూఐ ఆటోమేషన్ కోర్ అనే విండోస్ ఫైల్ గొడవ. ఇవేవీ కాకుండా ప్రతిసారీ ఒక్కోచోట పడిపోతుంటే ర్యామ్ ముక్కే పాడైందేమో, విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ ఒక రాత్రి నడిపి చూడండి.

మే నెలలో మాత్రమే వస్తుంటే సీనరీని తిట్టకండి. మన దగ్గర ఎండ 44, 45కు పోతుంది, మధ్యాహ్నం గదిలో ఏసీ లేకుండా రెండు గంటలు నడిపితే కంప్యూటర్ తన ప్రాణం కాపాడుకోవడానికి ఆగిపోతుంది. పక్క మూత తీసి దుమ్ము ఊదండి.

మీరు ఏ సెట్టింగ్స్‌తో నడుపుతారు?

పాత కంప్యూటర్‌లో ఎఫ్ఎస్ఎక్స్ ఇంకా ఉంచాను. ఎల్ఓడీ 4.5, టెక్స్‌చర్ 2048, ఆటోజెన్ మధ్యలో, మబ్బులు 1024వి. ఆన్‌లో ఉండేవి శంషాబాద్, మెష్, మన రెండు జిల్లాల ఫొటో సీనరీ, అంతే. విమానం సెస్నా 172. శంషాబాద్ నుంచి ఆగ్నేయంగా తిప్పితే సాగర్ దాదాపు 65 నాటికల్ మైళ్ళు, ముప్పావు గంట లోపే. దేవరకొండ కుడివైపు ఉండిపోతుంది, కాసేపటికి నీళ్ళు కనబడతాయి. డ్యామ్ మీద ఒక చుట్టు తిరిగి వెనక్కి వచ్చి దిగుతాను. టైటిల్ పట్టీలో అంకె మాత్రం ఇప్పటికీ చూస్తూనే ఉంటాను.